విడిభాగాల నిర్వహణ: చేతక్, చీతా హెలికాప్టర్ల ఉదాహరణ

7.1 ఉపోద్ఘాతం

గత యూనిట్‌లో నిల్వల వర్గీకరణ గురించి తెలుసుకున్నారు. ముడిసరుకు, తయారీలో ఉన్న సరుకు, తయారైన సరుకు అనే మూడింటితో పాటు నాలుగోదిగా విడిభాగాలను పేర్కొన్నాం కానీ, వాటి దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. ఈ యూనిట్ అంతా వాటి గురించే.

విడిభాగాలంటే మీకు కొత్తేమీ కాదు. మిర్యాలగూడలో మీ ఇంట్లోవాళ్లెవరైనా రైస్‌మిల్లులో పనిచేస్తుంటే, కోతల సీజన్ మొదలయ్యే ముందు రబ్బరు రోలర్లు, ఎలివేటర్ బెల్టులు, బకెట్లు, జల్లెడలు, బేరింగులు తెచ్చి పెట్టుకోవడం చూసే ఉంటారు. సూర్యాపేటలో జాతీయ రహదారి పక్కన లారీ షెడ్లున్నాయి. ఒరిజినలా, డూప్లికేటా అన్న బేరం అక్కడ రోజూ వినిపిస్తుంది. కోదాడ చుట్టుపక్కల, హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. పదేళ్లకోసారి కూడా అవసరం పడుతుందో లేదో తెలియని పెద్ద గేర్‌బాక్సును ముందే కొని, టార్పాలిన్ కప్పి ఉంచడం సిమెంటు పరిశ్రమలో మామూలే. దాన్ని అక్కడ ‘ఇన్సూరెన్స్ స్పేర్’ అంటారు.

ఈ మూడు చోట్లా భాగం దొరక్కపోతే పని ఆగుతుంది, డబ్బు పోతుంది. ఇప్పుడు భాగం దొరక్కపోతే మనిషి ప్రాణం మీదికి వచ్చే యంత్రం ఒకటి తీసుకుందాం. 2023 మార్చి 16న అరుణాచల్ ప్రదేశ్‌లోని మండలా సమీపంలో భారత సైన్యానికి చెందిన చీతా హెలికాప్టర్ కూలి ఇద్దరు పైలట్లు మరణించారు. వారిలో ఒకరైన లెఫ్టినెంట్ కల్నల్ వి.వి.బి. రెడ్డిది యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం. 2016 అక్టోబరు వరకు అది కూడా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలతో పాటు ఒకే నల్గొండ జిల్లా. ఆయన నడిపిన రకం హెలికాప్టర్ మొదటిసారి గాల్లోకి లేచింది 1969లో. ఇంత పాత యంత్రం ఇన్నేళ్లు ఎలా ఎగురుతోంది, దాన్ని ఎగరనిచ్చేది ఏమిటి, ఆపేది ఏమిటి అన్నవే ఈ యూనిట్‌లో మన ప్రశ్నలు. ప్రతి ప్రమాదానికీ విడిభాగమే కారణమని మాత్రం అనుకోకండి. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తో పాటు చిత్తూరు జిల్లాకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ ప్రాణాలు కోల్పోయిన ఎంఐ-17 ప్రమాదంలో, యంత్ర లోపం లేదని, హఠాత్తుగా మారిన వాతావరణంలో మేఘాల్లోకి వెళ్లడమే కారణమని దర్యాప్తు తేల్చింది.

7.2 యంత్రం నేపథ్యం

ఎన్నికల సభలప్పుడు మీ ఊరి జూనియర్ కాలేజీ మైదానంలో దిగే హెలికాప్టర్లు అద్దెకు తెచ్చిన పౌర హెలికాప్టర్లు. సైన్యం వాడే ‘యుటిలిటీ’ హెలికాప్టర్ వేరు. దాన్ని ఒక్క పనికని చేయరు. ఉదయం బియ్యం, కిరోసిన్ మోస్తుంది. మధ్యాహ్నం గాయపడిన జవాన్‌ను స్ట్రెచర్ మీద తెస్తుంది. సాయంత్రం అధికారిని సరిహద్దు చూపించడానికి తీసుకెళ్తుంది. ఊళ్లో ట్రాలీ ఆటో చేసే పనులన్నీ ఇది గాల్లో చేస్తుందనుకోండి.

మన దేశంలో ఆ పనిని ఎక్కువ కాలం చేసింది చేతక్. దీని అసలు పేరు అలూయెట్-3. ఫ్రెంచి భాషలో అలూయెట్ అంటే భరతపిట్ట. మనవాళ్లు ఆ పిట్ట పేరు తీసేసి రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టుకున్నారు. ఫ్రాన్స్‌లోని సూద్ ఏవియేషన్ సంస్థ రూపొందించిన ఈ హెలికాప్టర్ 1959 ఫిబ్రవరి 28న మొదట ఎగిరింది. 1962లో మన సైనిక సేవలోకి వచ్చింది. అదే ఏడాది లైసెన్సు ఒప్పందం కుదిరి, బెంగళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్ (ఇకపై హెచ్‌ఏఎల్ అందాం) తయారీ చేపట్టింది. అక్కడ 300కు పైగా చేతక్‌లు తయారయ్యాయి. ఒక పైలట్, ఆరుగురు ప్రయాణికులు కూర్చోవచ్చు. ఒకటే ఇంజన్, మూడు రెక్కల రోటార్. మొత్తం బరువు 2,200 కిలోలు దాటకూడదు.

హైదరాబాద్ శివారు హకీంపేటలో వైమానిక దళం హెలికాప్టర్ శిక్షణ పాఠశాల ఉంది. పైలట్లు హెలికాప్టర్ నడపడం నేర్చుకున్నది ఎక్కువగా చేతక్ మీదే. ఈ హెలికాప్టర్ మన దేశంలో అరవై ఏళ్ల సేవ పూర్తి చేసుకున్న సందర్భంగా 2022 ఏప్రిల్ 2న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ సమావేశాన్ని ప్రారంభించింది కూడా హకీంపేటలోనే. ఒక యంత్రం షష్టిపూర్తి జరుపుకోవడం గొప్పే. కానీ మెటీరియల్స్ మేనేజర్‌గా ఆలోచిస్తే ఆ వార్త వినగానే మీకు గుబులు పుట్టాలి.

చీతా సంగతి మరింత ఆసక్తికరం. హిమాలయాల్లో పలుచని గాలిలో బరువు మోయగల హెలికాప్టర్ కావాలని భారత్ కోరడంతో, ఫ్రెంచి ఇంజనీర్లు పూర్తిగా కొత్తది గీయలేదు. పాత అలూయెట్-2 తేలికపాటి చట్రాన్ని తీసుకుని, దానికి అలూయెట్-3 ఇంజన్, గేర్‌బాక్స్, రోటార్ బిగించారు. బండి చిన్నది, ఇంజన్ పెద్దది. దాన్ని వాళ్లు లామా అన్నారు, మనం చీతా అన్నాం. 1972 జూన్ 21న జాన్ బూలే అనే పైలట్ లామాను 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి రికార్డు నెలకొల్పాడు. అంత ఎత్తులో ఇంజన్ ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ కాలేదు. అయినా ఆయన క్షేమంగా దిగాడు. కిందికి జారుతున్నప్పుడు ఎదురొచ్చే గాలే రోటార్‌ను తిప్పుతూ ఉంటుంది. ఆ తిరుగుడు శక్తిని దాచుకుని చివర్లో నేలకు దగ్గరగా వాడుకుని దిగాలి. దీన్ని ఆటోరొటేషన్ అంటారు. ఇక్కడ ఒక సంగతి పట్టుకోండి. ఇంజన్ ఆగినా బతకవచ్చు, కానీ రోటార్ గానీ, దాన్ని పట్టి ఉంచే గేర్‌బాక్స్ గానీ, అదుపు చేసే కడ్డీలు గానీ విరిగితే ఆ అవకాశం కూడా ఉండదు. విడిభాగాల్లో ఏది ముఖ్యం, ఏది కాదు అనే వర్గీకరణ ఇక్కడి నుంచే మొదలవుతుంది.

1984 ఏప్రిల్‌లో ‘ఆపరేషన్ మేఘదూత్’ మొదలైనప్పటి నుంచి సియాచిన్ పోస్టులకు చీతాయే జీవనాడి. సుమారు 6,000 మీటర్ల ఎత్తున ఉండే పోస్టుల దగ్గర అది ఒక్కో ట్రిప్పులో కొద్ది కిలోల సామానే మోయగలదు. అంటే ఎక్కువ ట్రిప్పులు తిరగాలి, ఎక్కువ గంటలు ఎగరాలి, భాగాలు త్వరగా అరుగుతాయి. ఎత్తుకూ, విడిభాగాల బడ్జెట్‌కూ ఉన్న సంబంధం ఇదే. గల్వాన్‌లో 2020 జూన్‌లో అమరుడైన సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్‌బాబు వంటి వారు పనిచేసే ఎత్తైన ప్రాంతాల్లో, రోడ్డు లేని చోట జబ్బుపడ్డ జవాన్‌కు హెలికాప్టరే అంబులెన్సు.

7.3 విడిభాగం ఎప్పుడు ‘భాగం’ అవుతుంది?

చేతక్, చీతాలు రెండింటికీ ఆర్టూస్ట్ అనే ఒకే రకం ఇంజన్. దాని షాఫ్టు నిమిషానికి సుమారు 33,500 చుట్లు తిరుగుతుంది. పైన రోటార్ తిరిగేది సుమారు 350 చుట్లు. ఈ రెండింటి మధ్య దాదాపు వంద వంతుల తేడాను తగ్గించే పని గేర్లది. ఇప్పుడొక చిన్న లెక్క. నిమిషానికి 350 అంటే గంటకు 21,000 చుట్లు. వెయ్యి గంటల్లో 2 కోట్ల 10 లక్షల చుట్లు. ప్రతి చుట్టులోనూ ముందుకు వెళ్తున్న రెక్క మీద గాలి ఒత్తిడి ఒకలా, వెనక్కి వస్తున్న రెక్క మీద ఇంకోలా ఉంటుంది కాబట్టి, రెక్క కనీసం ఒకసారి పైకీ కిందికీ ఊగుతుంది. అంటే రెక్కను పట్టి ఉంచే బిగింపులు రెండు కోట్ల సార్లు వంగి లేచినట్టే. ఇనుప తీగను చేత్తో అటూ ఇటూ వంచుతూ పోతే ఒకచోట తెగడం మీరు చిన్నప్పుడు చేసి చూసిందే. తెగే ముందు తీగ పైకి బాగానే కనిపిస్తుంది. లోహం ఇలా అలసిపోవడాన్ని ‘ఫెటీగ్’ అంటారు.

అందుకే హెలికాప్టర్‌లో కొన్ని భాగాలకు ముందే ఆయువు నిర్ణయిస్తారు. ఇన్ని గంటలు ఎగిరాక, ఎంత బాగున్నా సరే, తీసేసి చెత్తలో వేయాలి. మళ్లీ ఎవరూ వాడకుండా కోసి పారేస్తారు కూడా. మరికొన్నింటిని ఇన్ని గంటలకోసారి పూర్తిగా విప్పి, కడిగి, కొలిచి, అరిగినవి మార్చి తిరిగి బిగిస్తారు. ఇది ఓవర్‌హాల్. గేర్‌బాక్స్, ఇంజన్ ఈ కోవకు వస్తాయి. ఇంకొన్నింటిని పరిస్థితి చూసి మారుస్తారు. రబ్బరు సీళ్లు, ఓ-రింగులు, గొట్టాల సంగతి మరీ విచిత్రం. అవి ఎగరకపోయినా, అలమరలో కూర్చున్నా వయసు మీద పడుతుంది. వాటి ప్యాకెట్ మీద మందుల షాపులో సీసా మీద ఉన్నట్టే గడువు తేదీ ఉంటుంది. స్టోర్‌లో ‘ముందు వచ్చింది ముందు పోవాలి’ అనే సూత్రం పుస్తకాల కోసం రాసింది కాదని ఇక్కడ తెలుస్తుంది.

మిర్యాలగూడ మిల్లు మెకానిక్ గేర్‌బాక్స్ ఆయిల్ మార్చేటప్పుడు వేళ్ల మధ్య రుద్ది చూస్తాడు. మెరుపు కనిపిస్తే లోపల పళ్లు అరుగుతున్నాయని అర్థం. హెలికాప్టర్ గేర్‌బాక్స్‌లో ఆ పని చేయడానికి చిన్న అయస్కాంతపు ప్లగ్ ఉంటుంది. ఇనుప రజను దానికి అంటుకుంటుంది. దాన్ని తీసి చూడటం, ఆయిల్ నమూనాను పరీక్షకు పంపడం మామూలు తనిఖీలో భాగం. బుద్ధి ఒకటే. తేడా ఏమిటంటే మిల్లులో మెరుపు కనిపించినా సీజన్ అయ్యేదాకా నడిపించవచ్చు. ఇక్కడ ఎంత రజనుకు ఆపాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది, దాని మీద బేరం లేదు.

ఇక అసలు ప్రశ్న. మిల్లు బేరింగు పోతే యజమాని సికింద్రాబాద్ రాణిగంజ్‌కు మనిషిని పంపుతాడు. పాత బేరింగు మీది నంబరు చూపిస్తే అదే సైజుది సాయంత్రానికి బస్సులో వచ్చేస్తుంది. అచ్చం అదే కొలతల బేరింగు హెలికాప్టర్‌కు ఎందుకు పనికిరాదు?

కొలత ఒక్కటే భాగాన్ని భాగం చేయదు కాబట్టి. ఆ ఉక్కు ఏ కరిగింపులోంచి వచ్చింది, ఎంత వేడిలో ఎంతసేపు కాల్చారు, పగుళ్ల కోసం ఏ పరీక్ష చేశారు, ఎవరు సంతకం పెట్టారు అన్నది ఆ భాగంతో పాటు ప్రయాణించాలి. ప్రతి ముఖ్య భాగానికి రకాన్ని తెలిపే పార్ట్ నంబరుతో పాటు, ఆ ఒక్కదానికే చెందిన సీరియల్ నంబరు ఉంటుంది. దానికో లాగ్ కార్డు ఉంటుంది. ఏ హెలికాప్టర్‌లో ఎన్ని గంటలు ఎగిరింది, ఎప్పుడు విప్పారు, ఏం మార్చారు అన్నీ అందులో ఉంటాయి. ఆ కార్డు పోతే నిగనిగలాడే భాగం కూడా తుక్కే. ఎన్ని గంటలు బతికిందో తెలియని భాగానికి ఇంకా ఎన్ని గంటలు బతుకుందో ఎవరు చెప్పగలరు? మన పల్లెల్లో పశువును కొనేటప్పుడు పళ్లు చూసి వయసు చెప్పగలం కానీ, రోటార్ బిగింపుకు పళ్లు లేవు.

మన దేశంలో సైనిక విమానాల భాగాలకు అనుమతి ఇచ్చే బాధ్యత బెంగళూరు కేంద్రంగా ఉన్న సెమిలాక్‌ది. తయారైన వాటి నాణ్యతను తనిఖీ చేసేది డీజీఏక్యూఏ. సెమిలాక్ ప్రాంతీయ కేంద్రం ఒకటి హైదరాబాద్‌లోనూ ఉంది. చిన్న ఫ్యాక్టరీ ఒకటి ఎంత చక్కటి భాగం తయారు చేసినా, ఈ గుమ్మాలు దాటేదాకా అది విడిభాగం కాదు, బాగా చెక్కిన లోహపు ముక్క మాత్రమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మీకు దగ్గరలోని మిల్లు, వర్క్‌షాపు లేదా బస్ డిపోకు వెళ్లి, అక్కడి మూడు విడిభాగాలను ఎంచుకోండి. వాటిలో దేన్ని గడువు ప్రకారం మారుస్తారు, దేన్ని అరుగుదల చూసి మారుస్తారు, దేన్ని విరిగాక మారుస్తారు? విరిగాక మార్చే భాగం విరిగితే ఎవరికి ఏం జరుగుతుంది?

7.4 వర్క్‌షాపులో ఆలస్యం, మైదానంలో ఖాళీ

విడిభాగాల కొరత అనగానే డబ్బు లేకపోవడమే కారణమనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం సమయం. కింది లెక్కలోని అంకెలు అవగాహన కోసం మనం ఊహించుకున్నవి.

ఒక దళంలో 10 హెలికాప్టర్లున్నాయి. ఒక్కోటి నెలకు 25 గంటలు ఎగురుతుంది. మొత్తం 250 గంటలు. గేర్‌బాక్స్‌ను ప్రతి 1,000 గంటలకు ఓవర్‌హాల్ చేయాలి. అంటే సగటున నాలుగు నెలలకొక గేర్‌బాక్స్ వర్క్‌షాపుకు వెళ్తుంది. రైల్లో పోయి, విప్పించుకుని, తిరిగి రావడానికి రెండు నెలలు పడితే, ఏ రోజు చూసినా సగటున అర గేర్‌బాక్స్ బయట ఉన్నట్టు. ఒక్క అదనపు గేర్‌బాక్స్ చేతిలో ఉంటే దళం హాయిగా నడుస్తుంది.

ఇప్పుడు వర్క్‌షాపులో ఒక బేరింగు విదేశం నుంచి రావాలనుకోండి. అది ఆలస్యమై మొత్తం వ్యవధి 12 నెలలైంది. నాలుగు నెలలకొకటి చొప్పున పోతూనే ఉంటాయి, పోయినవి ఏడాది దాకా రావు. సగటున మూడు గేర్‌బాక్సులు బయటే ఉంటాయి. అదనంగా ఉన్నది ఒకటే కాబట్టి రెండు హెలికాప్టర్లు నేల మీదే కూర్చుంటాయి. కారణం ఒక బేరింగు. ఎగిరే గంటలు తగ్గకూడదంటే మిగతా ఎనిమిదింటిని ఎక్కువ తిప్పాలి, అవి త్వరగా ఓవర్‌హాల్‌కు వస్తాయి.

ఇలాంటప్పుడు నేల మీదున్న దాంట్లోంచి భాగం విప్పి ఎగరాల్సిన దానికి బిగించడం జరుగుతుంది. లారీ షెడ్లలో కూడా ఇది చూస్తాం. అత్యవసరంలో తప్పదేమో కానీ, ఇది అప్పు తీర్చడానికి అప్పు చేయడం లాంటిది. ఒక భాగాన్ని రెండుసార్లు విప్పి రెండుసార్లు బిగించాలి. ప్రతి విప్పుడులోనూ ఒక నట్టు సరిగా బిగియకపోయే అవకాశం ఉంది. పైగా విప్పిన హెలికాప్టర్ క్రమంగా గుల్లవుతుంది, మళ్లీ లేవడం కష్టం.

ఇంత చెప్పాక ఇంకో మాట. అన్ని హెలికాప్టర్లూ సిద్ధంగా ఉన్నా ఎగరలేని రోజులుంటాయి. 2024 సెప్టెంబరు 1న కోదాడను వరద ముంచెత్తినప్పుడు, అదే రోజు ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది మున్నేరు వరదలో చిక్కుకున్నారు. వాతావరణం అనుకూలించక హెలికాప్టర్ రాలేకపోయింది. చివరికి వారిని ఒక జేసీబీ డ్రైవరు తన బండితో వెళ్లి తీసుకొచ్చాడు. విడిభాగాల ప్రణాళిక చేసేవారు యంత్రం సిద్ధంగా ఉండటాన్ని మాత్రమే హామీ ఇవ్వగలరు.

7.5 తయారుచేసినవాడు దుకాణం మూసేస్తే

సూద్ ఏవియేషన్ 1970లో ఏరోస్పాషియాల్‌లో కలిసింది. అది 1992లో యూరోకాప్టర్ అయింది. 2014లో ఎయిర్‌బస్ హెలికాప్టర్స్ అయింది. పేర్లు మారడం పెద్ద సమస్య కాదు. 1980లు ముగిసేసరికి అలూయెట్-3, లామా రెండింటి తయారీ ఫ్రాన్స్‌లో ఆగిపోయింది. అసలు తయారీదారుకు ఇక దాని మీద ఆసక్తి ఉండదు. బేరింగులు, సీళ్లు, గేజీలు సరఫరా చేసిన చిన్న కంపెనీలు ఒక్కొక్కటిగా వేరే పనుల్లోకి పోతాయి. మీ నాన్నగారి కాలం నాటి స్కూటర్‌కు ఇప్పుడు కార్బొరేటర్ కోసం వెతకడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇక్కడ లైసెన్సు తయారీ మనకు మేలు చేసింది. డ్రాయింగులు, అచ్చులు, పని తెలిసిన చేతులు బెంగళూరులో ఉన్నాయి. పైగా చేతక్, చీతాల ఇంజన్, గేర్‌బాక్స్, రోటార్ ఒకే కుటుంబానివి. రెండు రకాల హెలికాప్టర్లకు ఒకే స్టోర్ చాలావరకు సరిపోతుంది. దీన్నే ఉమ్మడితనం అంటాం. యంత్రాన్ని ఎంచుకునేటప్పుడు ధర కంటే ఇది ఎక్కువ ఆదా చేస్తుందని నా అభిప్రాయం. నాలుగు కంపెనీల ట్రాక్టర్లు కొన్న రైతుకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

అయితే లైసెన్సులో ఒక లోపముంది. ‘ఎలా చేయాలి’ అన్నది కాగితం మీద వస్తుంది. ‘ఎందుకు అలా చేయాలి’ అన్నది చాలాసార్లు రాదు. ఒక భాగానికి వెయ్యి గంటల ఆయువు అని రాసి ఉంటే, దాన్ని పన్నెండు వందలకు పెంచవచ్చా అని తేల్చడానికి అసలు రూపకర్త చేసిన పరీక్షల లెక్కలు కావాలి. అవి లేకుంటే ఆ పరీక్షలు మనమే మళ్లీ చేయాలి.

ఆర్టూస్ట్ ఇంజన్ పాతబడిన సమస్యకు హెచ్‌ఏఎల్ వేరే దారి వెతికింది. చీతా చట్రానికి కొత్త తరం టీఎం-333 ఇంజన్ బిగించి ‘చీతల్’ అనే రూపాన్ని తెచ్చింది. పాత భాగం దొరక్కపోతే అదే భాగాన్ని మళ్లీ చేయడం ఒక దారి, ఆ అవసరమే లేకుండా మార్చేయడం రెండో దారి.

హైదరాబాద్‌కు ఈ రంగంతో సంబంధం చిన్నదేమీ కాదు. ఇంజన్లకు కావలసిన సూపర్ అల్లాయ్‌లు, టైటానియం వంటి ప్రత్యేక లోహాలను తయారుచేసే మిధాని 1973లో కంచన్‌బాగ్‌లో ఏర్పడింది. బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ ఎలక్ట్రానిక్ పరికరాల విభాగం ఉంది. నాగార్జునసాగర్ రోడ్డుకు దగ్గరగా ఉన్న ఆదిబట్లలో టాటా సంస్థలు విదేశీ హెలికాప్టర్ల పెద్ద భాగాలు చేస్తున్నాయి. ఎస్-92 హెలికాప్టర్ క్యాబిన్లు అక్కడ తయారయ్యాయి. 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ చట్రాలు అమెరికాకు వెళ్తున్నాయి. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివి ఇప్పుడు ఈ కోర్సు చేస్తున్న మీలో కొందరికి ఇది ఉద్యోగ సమాచారం కూడా.

7.6 సొంత హెలికాప్టర్, సొంత చిక్కులు

మన దేశంలోనే రూపొందించిన ధ్రువ్ హెలికాప్టర్ 1992లో మొదట ఎగిరింది. ఇక్కడ రూపకర్తలం మనమే కాబట్టి డ్రాయింగుల సమస్య లేదు. కానీ బాధ్యతంతా మనదే. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో తీర రక్షక దళం ధ్రువ్ కూలి ముగ్గురు చనిపోయారు. స్వాష్‌ప్లేట్ విరిగినట్టు ప్రాథమిక దర్యాప్తులో బయటపడింది. స్వాష్‌ప్లేట్‌ను ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు పళ్లేలుగా ఊహించుకోండి. కింది పళ్లెం తిరగదు, పైలట్ కడ్డీలు దానికి కలిసి ఉంటాయి. పై పళ్లెం రోటార్‌తో పాటు తిరుగుతూ రెక్కల వాలును మారుస్తుంది. మధ్యలో బేరింగు. పైలట్ చేతికీ, రెక్కకూ ఉన్న బంధుత్వం ఆ ఒక్క చోటే. అది తెగితే పైలట్ ఎంత నిపుణుడైనా ప్రయాణికుడే. సైన్యం, వైమానిక దళం, నౌకాదళం, తీర రక్షక దళాలకు కలిపి 300కు పైగా ఉన్న ఈ హెలికాప్టర్లను ఆ తర్వాత నెలల పాటు నిలిపివేయాల్సి వచ్చింది. ఉమ్మడితనానికి ఉన్న రెండో ముఖం ఇది. ఒకే భాగం అందరిలో ఉంటే, అనుమానం కూడా అందరికీ ఒకేసారి వస్తుంది.

ధ్రువ్‌కు విదేశంలో ఎదురైన అనుభవం కూడా చదవదగ్గదే. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ 4.52 కోట్ల డాలర్లకు ఏడు ధ్రువ్‌లు కొన్నది. వాటిలో నాలుగు ప్రమాదాలకు గురయ్యాయి. 2015లో ఆ దేశం ఒప్పందాన్ని ఏకపక్షంగా రద్దు చేసుకుంది. ప్రమాదాలన్నీ యంత్ర లోపాలు కావు, కొన్నింటిలో మానవ తప్పిదం ఉందని తేలింది. అయితే విడిభాగాలు సకాలంలో అందలేదన్న ఫిర్యాదు రద్దుకు చూపిన కారణాల్లో ఒకటి. భూగోళానికి అవతల ఏడే ఏడు హెలికాప్టర్లకు స్టోర్ నడపడం ఏ కంపెనీకైనా ఖరీదైన పనే. కానీ అమ్మేటప్పుడు ఆ ఖర్చును ఒప్పందంలో లెక్కగట్టకపోతే తర్వాత రెండు దేశాలూ దాన్ని వేరే రూపంలో చెల్లిస్తాయి.

7.7 చివరి కొనుగోలు

చేతక్, చీతాల స్థానంలో కొత్తవి తేవాలన్న నిర్ణయం ఎప్పటిదో. 197 హెలికాప్టర్ల కోసం పిలిచిన టెండరు 2007లో రద్దయింది. మళ్లీ పిలిచారు, 2014లో అదీ రద్దయింది. 2015లో రష్యాతో కేఏ-226 కోసం 200 హెలికాప్టర్ల ఒప్పందం కుదిరింది, కదల్లేదు. హెచ్‌ఏఎల్ తయారుచేసిన తేలికపాటి యుటిలిటీ హెలికాప్టర్ 2016 సెప్టెంబరులో ఎగిరింది. దాని కోసం కర్ణాటకలోని తుమకూరులో 2023లో ఫ్యాక్టరీ ప్రారంభమైంది. 2025లో రక్షణ శాఖ మరో 200 హెలికాప్టర్ల కోసం కంపెనీల నుంచి సమాచారం కోరింది.

పైనున్న తేదీలను వార్తలుగా కాక, స్టోర్ అధికారి కళ్లతో చూడండి. ఒక యంత్రం త్వరలో రిటైర్ అవుతుందంటే, దాని భాగాలు చేసే కంపెనీ ‘చివరిసారి ఎన్ని కావాలో ఇప్పుడే చెప్పండి, తర్వాత చేయం’ అంటుంది. ఎన్ని చెప్పాలి?

ఊహాత్మకంగా 40 చీతాలు మిగిలాయనుకుందాం. ఏడాదికి ఒక్కోటి 250 గంటలు, మొత్తం 10,000 గంటలు. ఐదేళ్లలో అన్నీ రిటైర్ అవుతాయని పై నుంచి కబురు వచ్చింది. అంటే 50,000 గంటలు. ఒక భాగం ఆయువు 1,000 గంటలు. ఇప్పుడు బిగించి ఉన్న వాటిలో సగటున సగం ఆయువు మిగిలి ఉంది కాబట్టి 40 × 500 = 20,000 గంటలు వాటితోనే గడుస్తాయి. మిగిలిన 30,000 గంటలకు 30 భాగాలు కావాలి. ఆర్డరు పెట్టారు, అవి వచ్చాయి, కంపెనీ ఆ అచ్చులు పక్కన పడేసింది.

కొత్త హెలికాప్టర్లు మూడేళ్లు ఆలస్యమయ్యాయి. అదనంగా 30,000 గంటలు, అంటే మరో 30 భాగాలు. ఐదేళ్ల ప్రణాళికలో మూడేళ్ల ఆలస్యం అవసరాన్ని సరిగ్గా రెట్టింపు చేసింది. ఇప్పుడు తయారీదారు లేడు. అచ్చులు మళ్లీ చేయించాలి, ముప్పై ముక్కల కోసం ఫోర్జింగ్ చేయడానికి ఏ కంపెనీ ముందుకు రాదు, వచ్చినా అనుమతుల పరీక్షలన్నీ మొదటి నుంచీ జరగాలి. ఈలోగా పోస్టుల మీద జవాన్లకు బియ్యం, కిరోసిన్ వెళ్లడం ఆగదు కాబట్టి, ఉన్న 30 భాగాల గంటలనే లెక్క చూసుకుంటూ ఖర్చు పెట్టాలి.

ఇదే లెక్కను మీరు మళ్లీ చేయండి. ఈసారి మూడేళ్ల ఆలస్యానికి బదులు 2007 నుంచి 2025 వరకు గడిచిన 18 ఏళ్లను వేసి చూడండి.